పాత ఇంటి లైట్ల లైనుకి ఆర్‌సీసీబీ పెట్టించడం ఎలా?

చెక్క బ్యాటెన్ల మీద వైర్లు లాగిన పెంకుటిళ్లు, కిట్‌క్యాట్ ఫ్యూజుల పాత మేడలు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంకా ఉన్నాయి. ఫ్యూజు తీసి ఎంసీబీ పెట్టించాక ఇక షాక్ భయం లేదనుకుంటారు. ఎంసీబీ ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ మాత్రమే చూస్తుంది. ఒంట్లోంచి నేలకి పోయే కరెంటుని పట్టేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే లైను కొట్టేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే లైను కొట్టేసేది కొనండి. అదెంత చిన్న తేడా అంటే, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు లాగేది కూడా దానికన్నా ఎక్కువే.

పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మీటరు సీలు జోలికి పోవద్దు. మెయిన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టరు కూడా ఆపాలి. తర్వాత టెస్టరుతో చూసుకోవాలి.

పెట్టె బిగించడం సులువే. చిక్కంతా న్యూట్రల్‌తో. పాత ఇళ్లలో మేడమెట్ల లైటుకి ఫేజ్ ఒక లైను నుంచి, న్యూట్రల్ పక్క గది నుంచి లాగేసి ఉంటారు. అలా ఉంటే లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది, అంటే ట్రిప్పై లైను ఆగిపోతుంది. అందుకే ముందు బల్బులన్నీ తీయించి, లైట్ల న్యూట్రల్‌ని లింకు (న్యూట్రల్ తీగలన్నీ కలిపే పట్టీ) నుంచి విప్పించి, దానికీ మిగతా న్యూట్రల్స్‌కీ మధ్య కంటిన్యుటీ, అంటే ఎక్కడైనా కలిసి ఉన్నాయా అని, చూడమనండి. ఉంటే ఆ కలిసిన చోటు వెతికి విడదీయాల్సిందే. కొందరు ఈ పరీక్ష ఎగ్గొట్టి, తీరా పడిపోతుంటే ఆర్‌సీసీబీనే పీకేస్తారు. అలాంటి వాళ్లకి పని ఇవ్వకండి.

బల్బులు తీసి ఉండగానే 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) ఇన్సులేషన్ చూడాలి. 1 మెగాఓమ్ కన్నా తక్కువొస్తే ముందు వైర్లు మార్చండి.

ఇక మెయిన్ నుంచి ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆర్‌సీసీబీలోకి, అక్కడి నుంచి ఫేజ్ 6 ఆంపియర్ల ఎంసీబీకి. బయటికొచ్చే న్యూట్రల్‌కి విడిగా కొత్త లింకు పెట్టాలి, పాతదానికి కలపకూడదు. న్యూట్రల్‌లో పాత ఫ్యూజుంటే తీసేయాలి.

ఎర్త్ వైరు లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. కానీ ఇనుప ఫిట్టింగుకి లీకేజీ ఉంటే ఎవరో ముట్టుకున్నాకే ఆర్‌సీసీబీ పడిపోతుంది. కాబట్టి ఇనుప ఫిట్టింగులకి ఎర్త్ లాగించండి, కాదంటే ప్లాస్టిక్‌వి పెట్టించండి.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. నొక్కినా పడకపోతే మార్చేయాలి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్లు తుప్పు పడతాయి, ఏటా వానలకి ముందు బిగింపులు చూపించండి. వానాకాలం పెరటి లైటు స్విచ్ ఆపి ఉన్నా, మిగతా లైట్లు వెలిగాక పడిపోతోందంటే దాని న్యూట్రల్ తడి గోడకి తగులుతుండొచ్చు. ఆ లైటు రెండు తీగలూ విప్పించి చూడండి.