బిట్‌కాయిన్ నోడ్ నెట్‌వర్క్ సెట్టింగులు: లక్షణం, కారణం, పరిష్కారం

బిట్‌కాయిన్ కోర్ నోడ్ (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో చేరి బ్లాకులను సరిచూసే ప్రోగ్రాము) నడిపేవారికి ఎదురయ్యే నెట్‌వర్క్ ఇబ్బందులు పైకి ఒకేలా కనిపిస్తాయి. కనెక్షన్లు లేవంటారు, లేదా ఉన్నా తక్కువంటారు, లేదా వాలెట్ నోడ్‌ను చేరడం లేదంటారు. నిజానికి నోడ్‌కు మూడు వేర్వేరు దారులున్నాయి. నోడ్ తానుగా ఇతర నోడ్‌లను వెతుక్కుంటూ వెళ్లేది అవుట్‌బౌండ్, ఇతర నోడ్‌లు దాని వద్దకు వచ్చేది ఇన్‌బౌండ్, యజమాని నడిపే వాలెట్ వంటి ప్రోగ్రాములు దానిని ప్రశ్నించేది ఆర్‌పీసీ. ఈ మూడింటిలో ఏ దారి మూసుకుపోయిందో తేల్చుకోకుండానే రౌటర్‌లో పోర్టులు (కనెక్షన్లు వచ్చిపోయే, అంకెలతో గుర్తించే ద్వారాలు) తెరవడానికి పూనుకోవడం వల్ల సమయం వృథా కావడమే కాక, తెరవకూడని పోర్టు తెరిచే ప్రమాదం కూడా ఉంది.

ఆదేశాలను, సెట్టింగుల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. వాటిని కంప్యూటర్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, ఇక్కడ ఖాళీ ఉన్నచోట తప్ప వేరే ఖాళీ లేకుండా టైపు చేయాలి.

ముందుగా చూడవలసినవి

నోడ్‌కు ఆదేశాలిచ్చే బిట్‌కాయిన్-సీఎల్ఐ ప్రోగ్రాముకు -నెట్‌ఇన్ఫో అనే ఆప్షన్ ఇస్తే, ఇన్‌బౌండ్, అవుట్‌బౌండ్ కనెక్షన్ల సంఖ్య విడివిడిగా, ఐపీవీ4, ఐపీవీ6, ఆనియన్ (టార్) వంటి నెట్‌వర్క్‌ల వారీగా ఒక పట్టికలో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నోడ్ సాధారణంగా 10 అవుట్‌బౌండ్ కనెక్షన్లను నిలుపుకొంటుంది. వాటిలో 8 లావాదేవీలనూ బ్లాకులనూ ఇచ్చిపుచ్చుకునేవి, 2 కేవలం బ్లాకులకే పరిమితమైనవి. అప్పుడప్పుడు కొత్త చిరునామాలను పరీక్షించడానికి మరొకటి కాసేపు తెరుచుకొని మూసుకుంటుంది కనుక, ఆ అంకె కొద్దిగా మారుతూ ఉంటే కంగారు పడనవసరం లేదు. మొత్తం కనెక్షన్ల పరిమితి, మనం మార్చకపోతే, 125.

రెండవ ఆధారం డీబగ్.లాగ్ ఫైలు. నోడ్ మొదలైనప్పుడు తాను ఏ కాన్ఫిగరేషన్ ఫైలును చదివిందో, అందులోంచి ఏ సెట్టింగులను స్వీకరించిందో ఈ ఫైలు మొదటి భాగంలోనే రాసుకుంటుంది. బిట్‌కాయిన్.కాన్ఫ్ ఫైలులో ఎన్ని మార్పులు చేసినా ఫలితం లేదనే ఫిర్యాదులకు చాలావరకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది. ఫైలు వేరే ఫోల్డరులో ఉండవచ్చు, లేదా విండోస్‌లోని ఎడిటర్ దాని పేరు చివర మనకు కనబడకుండా టీఎక్స్‌టీ అని తగిలించి ఉండవచ్చు. గ్రాఫికల్ తెర నుంచి మార్చిన సెట్టింగులు సెట్టింగ్స్.జేసన్ అనే మరో ఫైలులో చేరతాయి. ఆ రెండు ఫైళ్లలో ఒకే సెట్టింగుకు వేర్వేరు విలువలుంటే సెట్టింగ్స్.జేసన్ చెప్పిందే చెల్లుతుంది. కమాండ్ లైనులో ఇచ్చినదైతే రెండింటినీ దాటిపోతుంది.

లక్షణం: అవుట్‌బౌండ్ కనెక్షన్లు సున్నా

దీనికి పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఏ సంబంధమూ లేదు. రౌటర్‌లో ఏ పోర్టూ తెరవకపోయినా అవుట్‌బౌండ్ కనెక్షన్లు ఏర్పడాలి. ఏర్పడలేదంటే నోడ్‌కు చిరునామాలు దొరకడం లేదు, లేదా దొరికిన చిరునామాలకు వెళ్లే దారి మూసి ఉంది, లేదా వెళ్లవద్దని మనమే దానికి చెప్పాము.

మూడవదే ముందు చూడాలి. గ్రాఫికల్ తెరలో కింది మూలనున్న నెట్‌వర్క్ గుర్తు మీద క్లిక్ చేస్తే వచ్చే మెనూలో నెట్‌వర్క్‌ను ఆపే ఎంపికను పొరపాటున నొక్కినా నెట్‌వర్క్ కార్యకలాపాలన్నీ ఆగిపోవచ్చు. గెట్‌నెట్‌వర్క్‌ఇన్ఫో ఆదేశానికి వచ్చే జవాబులో నెట్‌వర్క్‌యాక్టివ్ అన్నచోట ఫాల్స్ అని ఉంటే, సెట్‌నెట్‌వర్క్‌యాక్టివ్ ట్రూ అన్న ఆదేశం చాలు. ఇంకొక సాధారణ కారణం కనెక్ట్= అనే సెట్టింగ్. ఏదో ఒక నోడ్‌ను అదనంగా కలుపుకుందామన్న ఉద్దేశంతో దీనిని రాసేవారు చాలామంది. కాని ఇది రాసిన మరుక్షణం నోడ్ ఆ ఒక్క చిరునామాకే కట్టుబడుతుంది, ఇతర పీర్ల (కనెక్ట్ అయ్యే నోడ్‌ల) కోసం వెతకదు, నోడ్ చిరునామాలు ఇచ్చే సర్వర్లయిన డీఎన్ఎస్ సీడ్‌లను అడగదు, మనం వేరుగా కోరితే తప్ప ఇన్‌బౌండ్ కనెక్షన్లను కూడా స్వీకరించదు. ఆ నోడ్ మూతపడితే మన నోడ్ ఒంటరిదే. అదనంగా కలుపుకోవడానికి వాడవలసినది యాడ్‌నోడ్=.

టార్ (చిరునామా బయటపడకుండా కనెక్షన్లు నడిపే నెట్‌వర్క్) వాడేవారి విషయంలో ప్రాక్సీ=127.0.0.1:9050 అని రాసి ఉండి, టార్ సర్వీసు నడవకపోతే ఇదే లక్షణం కనిపిస్తుంది. టార్ బ్రౌజర్‌ను తెరిచి అదే సరిపోతుందనుకునేవారు గమనించవలసినది ఏమిటంటే, బ్రౌజర్‌తో వచ్చే టార్ 9150 పోర్టులో వింటుంది (కనెక్షన్ల కోసం ఎదురుచూస్తుంది), విడిగా నడిచే సర్వీసు 9050లో వింటుంది.

ఇవేవీ కాకపోతే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. కొత్త నోడ్ మొదటి చిరునామాలను డీఎన్ఎస్ సీడ్‌ల నుంచి తెచ్చుకుంటుంది. అవి జవాబివ్వకపోతే ప్రోగ్రాములోనే పొందుపరచిన స్థిరమైన చిరునామాల జాబితాకు మళ్లుతుంది. అందువల్ల డీఎన్ఎస్ ఒక్కటే చెడితే నోడ్ ఆలస్యంగానైనా కోలుకుంటుంది. చాలాసేపు ఆగినా సున్నాయే ఉంటే, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ 8333 పోర్టుకు బయటకు వెళ్లే టీసీపీ కనెక్షన్లను అడ్డుకుంటోందని భావించవచ్చు. కార్యాలయాలలో, హాస్టళ్లలో ఉండే నెట్‌వర్క్‌లలో ఇది మామూలే. నెట్‌వర్క్ నిర్వాహకుల అనుమతి తీసుకోవడం, లేదా టార్ ద్వారా వెళ్లడం తప్ప నోడ్ సెట్టింగులలో దీనికి మందు లేదు.

లక్షణం: అవుట్‌బౌండ్ 10 ఉన్నాయి, ఇన్‌బౌండ్ మాత్రం సున్నా

ఇది లోపమే కానవసరం లేదు. ఇన్‌బౌండ్ లేకపోయినా నోడ్ ప్రతి బ్లాకును స్వయంగా సరిచూస్తుంది, యజమాని లావాదేవీలను ప్రసారం చేస్తుంది. ఇన్‌బౌండ్ వల్ల ప్రధానంగా మేలు పొందేది కొత్తగా చేరే ఇతర నోడ్‌లు. సొంత వాలెట్ కోసమే నోడ్ పెట్టుకున్నవారు ఈ భాగాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చని నా అభిప్రాయం. నెట్‌వర్క్‌కు తోడ్పడాలనుకునేవారు మాత్రం లోపలి నుంచి బయటికి, ఒక్కొక్క అడ్డునే దాటుతూ రావాలి.

మొదటి అడ్డు నోడ్‌లోనే ఉండవచ్చు. లిజన్=1 అనేది మామూలుగా ఉండే విలువే అయినా, పైన చెప్పిన కనెక్ట్= గాని, ప్రాక్సీ= గాని ఉంటే అది తనంతట తానే 0గా మారుతుంది. అప్పుడు లిజన్=1 అని స్పష్టంగా రాయాలి. లినక్స్‌లో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్ అన్న ఆదేశంతో 8333 పోర్టులో ఎవరైనా వింటున్నారో లేదో చూడవచ్చు.

రెండవ అడ్డు కంప్యూటర్ ఫైర్‌వాల్. లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ వాడుతుంటే 8333/టీసీపీని అనుమతించాలి. విండోస్‌లో బిట్‌కాయిన్ కోర్‌కు అనుమతి ఇచ్చినప్పటికీ, ఆ అనుమతి ప్రైవేట్ నెట్‌వర్క్‌లకు మాత్రమే వర్తిస్తూ, ప్రస్తుత కనెక్షన్ పబ్లిక్‌గా నమోదై ఉంటే ప్రయోజనం ఉండదు.

మూడవది రౌటర్. బయటి 8333 టీసీపీ పోర్టును నోడ్ ఉన్న కంప్యూటర్ లోపలి చిరునామాకు మళ్లించాలి. ఆ లోపలి చిరునామా మారకుండా రౌటర్‌లో లోపలి చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పేజీలో దానిని ఆ కంప్యూటర్‌కే కేటాయించాలి. లేకపోతే రౌటర్ మళ్లీ స్టార్ట్ అయిన రోజున పోర్టు మరో పరికరానికి మళ్లుతుంది, నిన్నటిదాకా పనిచేసిన నోడ్ ఎందుకు ఆగిందో అర్థం కాదు. పాత మార్గదర్శకాలలో యూపీఎన్‌పీ=1 అని రాయమని ఉంటుంది. 29.0 వెర్షన్ నుంచి ఆ సౌకర్యాన్నే తొలగించారు. దాని స్థానంలో, పోర్టు తెరవమని రౌటర్‌ను నోడే అడిగే పీసీపీ, నాట్-పీఎంపీ పద్ధతులు ఉన్నాయి. రౌటర్ వాటిని గుర్తించేదైతే నాట్‌పీఎంపీ=1 అని రాస్తే పోర్టు దానంతట అదే తెరుచుకుంటుంది.

అన్నీ సరిగా ఉన్నా ఫలితం లేనప్పుడు రౌటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామాను చూడండి. అది 100.64.0.0 నుంచి 100.127.255.255 లోపు ఉంటే, ఇంటర్నెట్ సంస్థ అనేకమంది చందాదారులను ఒకే పబ్లిక్ చిరునామా వెనుక ఉంచిందని అర్థం. దీనినే క్యారియర్ గ్రేడ్ నాట్ (నాట్ అంటే చిరునామా మార్పిడి) అంటారు. వ్యాన్ చిరునామా 10తో గాని, 192.168తో గాని మొదలైతే మీ రౌటర్‌కు ముందు మరో రౌటర్ ఉండవచ్చు, లేదా సంస్థే ఆ చిరునామాలను వాడుతుండవచ్చు. ముందున్న రౌటర్ మీదే అయితే దానిని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడం సరైన పని. సంస్థ వైపు నాట్ అయితే మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా నిష్ఫలం. పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోవడం, ఐపీవీ6 వాడడం, టార్ వాడడం అనే మూడు మార్గాలే మిగులుతాయి. ఐపీవీ6లో చిరునామా మార్పిడి ఉండదు గాని, రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ లోపలికి వచ్చే కనెక్షన్లను సాధారణంగా ఆపేస్తుంది కాబట్టి అక్కడ వేరే నియమం రాయాలి.

ఈ మూడింటిలో టార్ మార్గమే తక్కువ శ్రమతో కూడినది, ఎందుకంటే ఆనియన్ సర్వీసుకు రౌటర్‌లో ఏ పోర్టూ తెరవనక్కర లేదు. టార్ కాన్ఫిగరేషన్‌లో కంట్రోల్‌పోర్ట్ 9051, కుకీఅథెంటికేషన్ 1 అని ఉంటే బిట్‌కాయిన్ కోర్ తానే ఆనియన్ చిరునామాను సృష్టించుకుంటుంది. ఇక్కడ తరచుగా చిక్కు వచ్చేది అనుమతుల వద్ద. డెబియన్, ఉబుంటులలో నోడ్‌ను నడిపే యూజర్ డెబియన్-టార్ గ్రూపులో లేకపోతే టార్ కుకీ ఫైలును చదవలేదు. గ్రూపులో చేర్చాక నోడ్‌ను పునఃప్రారంభిస్తే ఆనియన్ చిరునామా -నెట్‌ఇన్ఫో పట్టిక చివర కనిపిస్తుంది.

పరీక్షించే పద్ధతిలో కూడా ఒక మెలిక ఉంది. నోడ్ ఉన్న నెట్‌వర్క్ లోపలి నుంచే సొంత పబ్లిక్ చిరునామాకు కనెక్ట్ అయి చూస్తే, లోపలికే తిరిగివచ్చే దారిని చాలా రౌటర్లు ఇవ్వవు. పోర్టు నిజంగా తెరిచి ఉన్నా మూసినట్లే కనిపిస్తుంది. మొబైల్ డేటా మీద ఉన్న ఫోను వంటి బయటి కనెక్షన్ నుంచే పరీక్షించాలి. పోర్టు తెరిచి ఉందని తేలాక కూడా ఇన్‌బౌండ్ వెంటనే రాదు. మన చిరునామా నోడ్ నుంచి నోడ్‌కు పాకడానికి సమయం పడుతుంది.

లక్షణం: పోర్టుకు బైండ్ కాలేకపోయానంటూ (పోర్టును తనదిగా పట్టుకోలేకపోయానంటూ) నోడ్ ఆగిపోతోంది

అదే పోర్టును మరొక ప్రక్రియ వాడుతోంది. చాలాసార్లు ఆ ప్రక్రియ ఇంకా పూర్తిగా ఆగని మన పాత నోడే. ఆపమని చెప్పాక కూడా అది మెమరీలోని సమాచారాన్ని డిస్కుకు రాయడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. దానిని బలవంతంగా చంపకుండా వేచి ఉండాలి. ఒకే కంప్యూటర్‌లో రెండు నోడ్‌లు నడిపేవారు పోర్ట్= ఒక్కటి మార్చి ఊరుకుంటే, 28.0 వెర్షన్‌లో టార్ కోసం కేటాయించిన 8334 వద్ద రెండూ ఢీకొనేవి; తర్వాతి వెర్షన్లలో టార్ పోర్టు పోర్ట్= విలువకు 1 కలిపినది అవుతుంది. 28.0 వెర్షన్ నుంచి ఏ ఒక్క బైండ్ విఫలమైనా నోడ్ మొదలు కాదు కాబట్టి, 28.0లో రెండవ నోడ్‌కు బైండ్=127.0.0.1:8435=ఆనియన్ వంటి వరుసతో వేరే పోర్టు ఇవ్వాలి. అలా బైండ్= రాసినప్పుడు మామూలు కనెక్షన్లకు కూడా మరో బైండ్= వరుస రాయడం మరువరాదు.

సిగ్‌నెట్, టెస్ట్‌నెట్ అనే పరీక్షా నెట్‌వర్క్‌లు వాడేవారికి మరో మాట: పోర్ట్, బైండ్, కనెక్ట్, యాడ్‌నోడ్ వంటివి బిట్‌కాయిన్.కాన్ఫ్ ఫైలు పైభాగంలో ఉంటే మెయిన్‌నెట్‌కే (అసలు నెట్‌వర్క్‌కే) వర్తిస్తాయి. ఇతర నెట్‌వర్క్‌ల కోసం వాటిని సిగ్‌నెట్ లేదా టెస్ట్ అనే చదరపు బ్రాకెట్ల విభాగం కింద రాయాలి.

లక్షణం: వాలెట్ గాని మరో ప్రోగ్రాము గాని నోడ్‌ను చేరలేకపోతోంది

ఆర్‌పీసీ పోర్టు 8332. ఇక్కడ వచ్చే లోపం పేరే కారణాన్ని చెబుతుంది కనుక దానిని జాగ్రత్తగా చదవాలి.

కనెక్షన్ నిరాకరించబడిందని వస్తే, ఆ చిరునామాలో నోడ్ వినడమే లేదు. మామూలుగా ఆర్‌పీసీ 127.0.0.1లోనే, అంటే అదే కంప్యూటర్‌లోని ప్రోగ్రాములకే అందుతుంది. మరో కంప్యూటర్‌కు అందించాలంటే ఆర్‌పీసీబైండ్= కింద నోడ్ లోపలి చిరునామా, ఆర్‌పీసీఅలౌఐపీ= కింద అడిగే కంప్యూటర్ చిరునామా రెండూ రాయాలి. రెండవది లేకుండా మొదటిది రాస్తే నోడ్ దానిని పట్టించుకోదు. డాకర్‌లో నడిపేవారు కంటెయినర్ లోపలి 127.0.0.1 వేరని, బయటి కంప్యూటర్‌ది వేరని గుర్తుంచుకుంటే ఈ చిక్కు సగం విడిపోతుంది.

403 అని వస్తే నోడ్ వింటోంది గాని, అడిగిన చిరునామా ఆర్‌పీసీఅలౌఐపీ జాబితాలో లేదు. 401 అని వస్తే చిరునామా సరైనదే, యూజర్ పేరు గాని పాస్‌వర్డ్ గాని తప్పు. నోడ్ ప్రతి ప్రారంభంలోనూ తన సొంత కుకీ ఫైలులో (టార్‌ది కాదు) కొత్త పాస్‌వర్డ్ రాసుకుంటుంది. దానిని వాలెట్‌లోకి కాపీ చేసినవారికి ఆ రోజు పని జరుగుతుంది, నోడ్ మళ్లీ స్టార్ట్ కాగానే 401 మొదలవుతుంది. శాశ్వతంగా ఉండాలంటే బిట్‌కాయిన్ కోర్‌తో వచ్చే ఆర్‌పీసీఆథ్ స్క్రిప్టుతో ఒక వరుసను తయారుచేసి కాన్ఫిగరేషన్ ఫైలులో చేర్చాలి.

విసిగిపోయి ఆర్‌పీసీఅలౌఐపీ=0.0.0.0/0 అని రాసి, రౌటర్‌లో 8332ను తెరవడం అన్నింటికన్నా ప్రమాదకరమైన పరిష్కారం. ఆర్‌పీసీ సంభాషణకు ఎన్‌క్రిప్షన్ లేదు, వాలెట్ ఉన్న నోడ్‌లో అది డబ్బును పంపగలదు. ఇంటి బయట నుంచి అవసరమైతే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ గాని వీపీఎన్ గాని వాడాలి.

లక్షణం: పీర్లు ఉన్నారు, బ్లాకులు మాత్రం ముందుకు సాగడం లేదు

గడియారం చూడండి. కంప్యూటర్ సమయం కన్నా 2 గంటలకు మించి ముందున్న సమయంతో వచ్చిన బ్లాకును నోడ్ అంగీకరించదు. అందువల్ల గడియారం బాగా వెనుకబడితే, అందరూ ఒప్పుకున్న బ్లాకునే మన నోడ్ తిరస్కరిస్తుంది. పీర్ల సమయంతో తేడా 10 నిమిషాలు దాటితే హెచ్చరిక కూడా వస్తుంది. ఇంటర్నెట్ నుంచి సమయాన్ని సరిచేసే ఎన్‌టీపీని ఆన్ చేస్తే చాలు. బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో, సొంత గడియారం లేని చిన్న బోర్డులలో ఇది మరీ ఎక్కువ.

మొదటిసారి మొత్తం చైను దించుకునేటప్పుడు నెమ్మదిస్తే అది తరచుగా నెట్‌వర్క్ తప్పు కాదు, డిస్కు తప్పు. లాగ్‌లో పీరు స్టాలింగ్ అంటూ కనెక్షన్ తెంచిన వరుసలు పదేపదే కనిపిస్తే నెట్‌వర్క్‌ను అనుమానించవచ్చు. అవి లేకుండా నెమ్మదిగా ఉంటే డీబీక్యాష్= (నోడ్ వాడుకునే మెమరీ) విలువను పెంచడం, నోడ్ డేటాలోని చైన్‌స్టేట్ ఫోల్డరును ఎస్ఎస్‌డీకి మార్చడం వల్లనే తేడా కనిపిస్తుంది.

లక్షణం: నోడ్ నడుస్తున్నంతసేపూ ఇంట్లో ఇంటర్నెట్ కుంటుతోంది

ఇన్‌బౌండ్ పనిచేయడం మొదలయ్యాక వచ్చే ఇబ్బంది ఇది. అప్‌లోడ్‌లో అధిక భాగం కొత్త నోడ్‌లకు పాత బ్లాకులను పంపడానికే పోతుంది. మ్యాక్స్‌అప్‌లోడ్‌టార్గెట్=5000 అని రాస్తే 24 గంటలకు సుమారు 5000 మెబీబైట్లు లక్ష్యంగా పెట్టుకుని, ఆ పరిమితి దగ్గరపడగానే వారం దాటిన బ్లాకులను పంపడం ఆపేస్తుంది. ఇది గట్టి హద్దు కాదు, కొంత అటూ ఇటూ అవుతుంది. పాత రౌటర్ ఎక్కువ కనెక్షన్లను మోయలేక తడబడుతుంటే మ్యాక్స్‌కనెక్షన్స్=40 వంటి తక్కువ విలువ ఇవ్వాలి. బ్లాక్స్‌ఓన్లీ=1 కూడా డేటాను బాగా ఆదా చేస్తుంది గాని, లావాదేవీలు అందకపోవడం వల్ల నోడ్ ఫీజును అంచనా వేయలేదు. అదే నోడ్ మీద వాలెట్ వాడేవారు దీనిని చివరి మార్గంగానే ఉంచుకోవాలి.