బాగా ఆడే పిల్ల గ్రౌండ్ మానేస్తుంటే సోషల్ వర్కర్‌గా మీరేం చేయాలి

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి ఫీల్డ్‌లోకి వచ్చినవాళ్లు చాలామంది స్పోర్ట్స్ మన సబ్జెక్ట్ కాదులే, పీఈటీ సార్లు చూసుకుంటారులే అనుకుంటారు. కానీ బాగా ఆడే పిల్ల ఎనిమిదో తొమ్మిదో క్లాస్‌కొచ్చేసరికి సడన్‌గా గ్రౌండ్‌కి రావట్లేదంటే ఆటమీద ఇష్టం పోయిందని మాత్రం రాసేయకండి, కారణం ఇంట్లోనో బస్టాప్‌లోనో బాత్రూమ్ దగ్గరో ఉంటుంది, అంటే అది మన పనే.

ముందు ఆ పిల్లతో విడిగా మాట్లాడండి. "నీ మీద వివక్ష ఉందా" అని అడిగితే ఎవరూ చెప్పరు. ప్రాక్టీస్ అయ్యాక ఇంటికెలా వెళ్తావ్, డ్రెస్ ఎక్కడ మార్చుకుంటావ్, పీరియడ్స్ వస్తే సార్‌కి చెప్పగలవా, టోర్నమెంట్‌కి తోడెవరొస్తారు, ఇంట్లో గుడ్డు తమ్ముడికేనా నీక్కూడా పెడతారా, ఇలా అడగండి, విషయం అదే బయటికొస్తుంది.

తర్వాత ఇల్లు. ఇక్కడే ఎక్కువ టైం పెట్టాలి. సమానత్వం మీద స్పీచ్ వద్దు, వాళ్ల భయం వేరే: ఎండకి నల్లబడుతుంది, సంబంధాలు రావు, నలుగురూ ఏమంటారు. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ వాళ్ల నాన్న కూడా చెప్పారు, షార్ట్స్ వేసుకునే ఆట ఆడపిల్లకెందుకని చుట్టాలే అనేవాళ్లంట. ఆ అమ్మాయి 2022, 2023ల్లో వరసగా వరల్డ్ ఛాంపియన్ అయింది, 2024లో డీఎస్పీ అయింది. నిజం చెప్పాలంటే మన హక్కుల లెక్చర్ కంటే ఆ డీఎస్పీ అనే మాటకే తండ్రులు ఎక్కువ మెత్తబడతారు, వాడుకోండి, తప్పేం లేదు. నానమ్మ ఉంటే ఆవిడతో కూడా కూర్చోండి, చాలా ఇళ్లల్లో అసలు డెసిషన్ ఆవిడదే.

గ్రౌండ్ సంగతికొస్తే తాళం పడే గది, నీళ్లొచ్చే టాయిలెట్, బయటూరికి టీమ్ వెళ్తే ఒక మేడమ్, ఈ మూడూ కావాలని హెడ్‌మాస్టర్‌కో జిల్లా స్పోర్ట్స్ ఆఫీస్‌కో కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా కాదు, ఒక కాపీ మీద స్టాంప్ వేయించుకోండి.

వేధింపుల విషయంలో మాత్రం చట్టం తెలిసుండాలి. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం స్టేడియం, స్పోర్ట్స్ కాంప్లెక్స్, ట్రైనింగ్ సెంటర్ కూడా పని ప్రదేశమే. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ పెట్టాలి, అందులో బయటి సంస్థ నుంచి ఒకరుండాలి, అది మీరే కావచ్చు. అది లేకపోతే జిల్లా స్థాయి లోకల్ కమిటీ ఉంటుంది, దానికి ఛైర్‌పర్సన్‌గా సోషల్ వర్క్‌లో పేరున్న మహిళనే పెట్టాలని చట్టంలోనే ఉంది (ఈ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలీదు). కంప్లైంట్ మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. 2023లో మన రెజ్లర్లు లైంగిక వేధింపుల మీద ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకి కూర్చోవాల్సొచ్చిందంటే, అంత పేరున్నవాళ్లకే అలా ఉంటే మండల స్థాయి కబడ్డీ పిల్ల సంగతి ఆలోచించండి.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లయితే పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, వర్తిస్తుంది. "పిల్ల ఫ్యూచర్ పాడవుద్ది, కోచ్‌ని మార్చేద్దాం" అని పెద్దమనుషులు రాజీకొస్తారు, అస్సలు ఒప్పుకోకండి, తెలిసీ పోలీసులకి చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పిల్ల పేరు, ఫొటో ఏ వాట్సాప్ గ్రూప్‌లోకీ పోకూడదు, జరిగింది పదిమంది ముందు పదిసార్లు చెప్పించకూడదు.

ఇంకోటి, కంప్లైంట్ ఇచ్చాక మెల్లగా సెలక్షన్ లిస్ట్‌లో పేరు ఎగిరిపోతుంది, ఫామ్ లేదంటారు. అందుకే మొదటిరోజు నుంచే ఆ పిల్ల ట్రయల్స్ టైమింగులు, స్కోర్ షీట్లు, సర్టిఫికెట్లు ఫోన్‌లో ఫొటోలు తీసిపెట్టండి, లిస్ట్ రాగానే అవి పట్టుకెళ్లి ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా అడగొచ్చు.