కాంటెస్సా ఏసీ లీక్: నాకు పనిచేసిన పద్ధతి

విజయనగరంలో పాత కాంటెస్సా కార్లున్న మిత్రులు ఏసీ గ్యాస్ లీక్ గురించి తరచూ అడుగుతున్నారని రాస్తున్నాను. నా బండిలో గ్యాస్ పట్టిస్తే కొన్నాళ్లు చల్లగా ఉండేది, తర్వాత వట్టి గాలే. మళ్లీ మళ్లీ గ్యాస్, సీలెంట్ డబ్బా, కొత్త కండెన్సర్, అన్నీ దండగే.

కంటోన్మెంట్ వైపు ఫ్రిజ్‌లు బాగుచేసే పెద్దాయన, "గ్యాస్ తర్వాత బాబూ, ముందు కన్నం ఎక్కడుందో చూడాల" అన్నాడు. మిగిలిన గ్యాస్‌ని మెషీన్‌తో లాగేసి, రెగ్యులేటర్ పెట్టి నైట్రోజన్‌ని 150 పీఎస్ఐ ఒత్తిడి దాకా ఎక్కించాడు. (ఆక్సిజన్ వద్దే వద్దు, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.) ప్రతి జాయింటుకీ చిక్కటి సబ్బు నురగ పూసి, టార్చి వేసి ఓపిగ్గా చూశాం. కంప్రెసర్ వెనక, గొట్టం బిగించే చోట, ఆవగింజల్లా సన్నటి బుడగలు! లోపలి ఓ-రింగ్ (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు రింగు) ఎండి బిరుసెక్కింది.

అదొక్కటే కాదు, చేతికందిన ఓ-రింగులన్నీ మార్చాం. ఆర్-134ఏ అనే కొత్తరకం గ్యాస్‌కి పనికొచ్చే ఆకుపచ్చవి, ఆయిల్ రాసి బిగించాం. నాది మొదట్లో ఆర్-12 అనే పాతరకం గ్యాస్‌తో నడిచిన బండి. పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌తో కలవదు కాబట్టి అది వంపేసి ఎస్టర్ ఆయిల్ పోశాం. డ్రయర్ (తేమ పీల్చే డబ్బా) కొత్తది. తర్వాత పంపుతో లోపలి గాలంతా లాగి (వ్యాక్యూమ్), పంపు ఆపి, మీటరు ముల్లు కదలడం లేదని తేలాకే గ్యాస్. అదీ పాత కొలత కంటే కాస్త తక్కువే.

ఈ వేసవి గడిచింది. మీ బండిలో లీక్ డాష్‌బోర్డు లోపలి కాయిల్లో ఉంటే మాత్రం నురగతో దొరకదు. కంప్రెసర్ షాఫ్ట్ సీల్ (తిరిగే ఇరుసు దగ్గరి సీలు) పోయినా కథ వేరే.