చైనీస్ ఉచ్చారణ, 5వ పాఠం: రెండు ‘ఊవెయ్’లు

పోయిన పాఠంలో నాలుగు టోన్లూ, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు, విడివిడిగా పలికాం. ఇప్పుడు రెండేసి కలుపుదాం. చైనా ప్రాచీన తత్వమైన దావో తత్వంలో ‘ఊవెయ్’ అనే భావన ఉంది. చైనా వాయవ్యాన గాన్సు ప్రావిన్స్‌లో ‘ఊవెయ్’ అనే నగరం ఉంది. టోన్ గుర్తులు తీసేస్తే ఇంగ్లీషు అక్షరాల్లో రెండిటికీ ఒకటే స్పెల్లింగ్: డబ్ల్యూ, యు, డబ్ల్యూ, ఇ, ఐ.

మొదట డబ్ల్యూ ఉంది కదా అని ‘వు’ అనకండి. ‘వూరు’ అని రాసినా ‘ఊరు’ అనే పలుకుతాం చూడండి, ఇదీ అంతే. ‘వెయ్’కి మాత్రం పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు పెదవికి తగలకూడదు.

తత్వం మాటలో రెండూ రెండో టోన్లే. ఫోన్లో సరిగా వినపడకపోతే “ఆఁ?” అంటామే, ఆ ఎత్తు. చిక్కల్లా రెండోసారే. పైకెళ్లిన గొంతు అక్కడే ఉండిపోతుంది, మొదట్లో నాకూ ఇక్కడే తేడా కొట్టేది. కిందికి దిగి మళ్లీ ఎక్కాలి: “ఆఁ? ఆఁ?” మొదటి అక్షరానికి ‘లేకుండా’ అని, రెండోదానికి ‘చేయడం’ అని అర్థం. దీన్ని ‘ఊరికే కూర్చోవడం’ అని చెప్పేస్తే చాలా అన్యాయం. బలవంతపెట్టకుండా, వాలు చూసుకుని పని చేయడం అది.

నగరం పేరులో మూడో టోన్, తర్వాత ఒకటో టోన్. మూడో టోన్ ఒంటరిగా ఉంటే దిగి లేస్తుంది. ఇక్కడ లేవదు, అడుగునే ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా పైకెళ్లి, పై ‘స’ పట్టినట్టు కదలకుండా నిలవాలి. అర్థం ‘యుద్ధ ప్రతాపం’. తత్వం మాటకు పూర్తిగా ఎదురు! హాన్ వంశపు చక్రవర్తి ‘ఊ’ సేనలు ఆ ప్రాంతాన్ని గెలిచాక వచ్చిన పేరది. 1969లో పక్షి మీద కాలు మోపి పరుగెత్తే కంచు గుర్రం దొరికింది ఇక్కడే. నాకు ఈ ఊరంటే ఇష్టం వేరే కారణానికి. బౌద్ధ గ్రంథాలను చైనీస్‌లోకి తెచ్చిన కుమారజీవుడు దాదాపు 17 ఏళ్లు ఇక్కడే ఉన్నాడు, చైనీస్ బాగా పట్టుబడింది ఆ రోజుల్లోనే. అప్పట్లో ఈ ఊరు లియాంగ్‌జో.

అన్‌హుయ్ ప్రావిన్స్‌లో ఇంకో ఊవెయ్ ఉంది. దానికి తత్వం మాట అక్షరాలే, టోన్లూ అవే. అక్కడ సందర్భమే దిక్కు.

రోజూ పదిసార్లు రెండిటినీ మార్చి మార్చి పలికి, ఫోన్లో రికార్డు చేసుకోండి. మర్నాడు వినండి. ఏది తత్వమో, ఏది నగరమో మీకే తెలియకపోతే మూడో టోన్‌ను ఇంకా కిందికి దించండి. వచ్చే పాఠంలో రెండు మూడో టోన్లు పక్కపక్కన పడితే ఏమవుతుందో ‘నీ హావ్’ (నమస్కారం)తో చూద్దాం.