సంగమేశ్వరం పోవాలంటే ముందు డ్యాం లెవెల్ చూడండి

ఎండాకాలం వస్తే చాలు, కర్నూల్లో అందరూ అడిగేది ఒక్కటే: సంగమేశ్వరం గుడి తేలిందా, ఎప్పుడు పోవచ్చు? తేదీ చెప్పడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే అది శ్రీశైలం డ్యాం నీళ్లలో ఉండే గుడి. డ్యాం నిండు మట్టం 885 అడుగులు, అంత నీళ్లుంటే గుడి ఎక్కడుందో కూడా తెలియదు. తగ్గేకొద్దీ ముందు శిఖరం బయటపడుతుంది, 840 అడుగుల దగ్గరికి దిగితే గానీ గర్భగుడిలోకి నడిచి పోలేం. ఈ లెవెల్ పేపర్లో రోజూ వస్తుంది, బయల్దేరే ముందు వారం రోజులు దాన్ని గమనించండి, ఆ తర్వాత ఆత్మకూరులోనో కపిలేశ్వరంలోనో తెలిసినవాళ్లుంటే ఒక ఫోన్ కొట్టండి. శిఖరం ఫోటో ఎవరో వాట్సాప్‌లో పెట్టారని కారు తీయొద్దు, శిఖరానికీ గడపకీ మధ్య చాలా అడుగుల నీళ్లుంటాయి.

శివరాత్రికే పోవాలని పట్టుదల ఉంటే అది మన అదృష్టం. వానలు బాగా పడిన ఏడాది శివరాత్రికి గుడి ఇంకా నీళ్లలోనే ఉంటుంది. మామూలుగా మార్చి తర్వాత నుంచి జూలైలో కృష్ణకు వరద మొదలయ్యేదాకా చూసుకోండి. వరద వార్త వచ్చాక మాత్రం "ఆదివారం పోదాంలే" అనుకోకండి, లెవెల్ రోజుకు కొన్ని అడుగులు ఎక్కేస్తుంది.

దారి సులువే. కర్నూలు నుంచి నందికొట్కూరు, అక్కడి నుంచి ఆత్మకూరు, తర్వాత కపిలేశ్వరం మీదుగా ఏటి దగ్గరికి. ఇప్పుడు నంద్యాల జిల్లా అయిందిగానీ మాకు అలవాటు కొద్దీ అంతా కర్నూలే. నీళ్ల బాటిళ్లు, తినడానికి ఏదైనా, పెట్రోలు అన్నీ ఆత్మకూరులోనే చూసుకోవాలి. ఉదయం ఏడుకల్లా అక్కడుండేలా బయల్దేరండి, ఎందుకంటే పదయ్యాక అక్కడ నిలబడలేరు, చెట్టు నీడ ఉండదు, కింద బండలు కాలుతుంటాయి.

అసలు జాగ్రత్త బురదతో. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 చిల్లరే, మిగతా చోటంతా ఒండ్రు మట్టే ఆక్రమించింది. అది పైన ఎండి పగుళ్లిచ్చి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. అందుకే ముందు పోయినవాళ్ల అడుగుల మీదే నడవండి, బండి గట్టి నేల మీదే ఆపండి, పిల్లల్ని నీటి అంచుకు పంపకండి. ముచ్చుమర్రి వైపు నుంచీ, అవతల తెలంగాణలో సోమశిల వైపు నుంచీ పడవల్లో వచ్చేవాళ్లూ ఉన్నారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. 2007లో నెహ్రూనగర్ దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆ మాట ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

గుడి దగ్గర చూడాల్సింది లింగం. రాయి కాదు, వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్తారు, కాశీ లింగం కోసం వెళ్లిన భీముడు రావడం ఆలస్యమైతే వేపచెట్టు కొట్టి నిలబెట్టారట. కథ సంగతి ఎలా ఉన్నా, 1980ల మొదట్లో మునిగిన గుడి మళ్లీ బయటపడింది 2003లో, అన్నేళ్లు నీళ్లలో ఉన్నా ఆ మొద్దు చెడలేదు. రాతి ప్రాకారానికి ఆ బలం లేదు. ఏటా నానడం, ఎండడం, అలల దెబ్బలు తినడం, దాంతో రాళ్లు కీళ్లు వదిలి చాలా మటుకు పడిపోయాయి. కాబట్టి ఫోటో కోసం గోడలెక్కకండి, పడిన రాళ్లను కదిలించకండి, గుర్తుగా ముక్క తెచ్చుకోవడం అసలే వద్దు. ఏడు నదులు కలిసే చోటని పేరు, వాటిలో భవనాశి ఒక్కటే మగపేరున్న నది. స్నానం మాత్రం జనం చేసే చోటే చేయండి, పక్కకు పోతే లోతు తెలియదు.

తిరుగు దారిలో ఓపికుంటే జగన్నాథ గట్టు ఎక్కండి, అదే ట్రిపుల్ ఐటీ ఉన్న గుట్ట. డ్యాంలో మునగకుండా రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన రూపాల సంగమేశ్వరాలయం అక్కడుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలాగే అలంపురానికి తరలించారు, అది తుంగభద్ర దాటితే దగ్గరే. ఈ రెండింటి శిల్పాలు చూశాక ఆ గుడిని నీళ్లలో వదిలేశారే అని కొంచెం కోపం కూడా వస్తుంది, నాకైతే వచ్చింది. ఒక్కరోజులో మూడూ చూడాలంటే సంగమేశ్వరం పొద్దున్నే ముగించుకొని, ఎండ తగ్గాక అలంపురం పెట్టుకోండి. లెవెల్ సరిపోక సంగమేశ్వరం ప్లాన్ పోయినా ఈ రెండూ ఏడాది పొడుగునా ఉంటాయి.