విదేశంలో చదువుకుంటూ స్కూబా డైవింగ్ నేర్చుకోవడం: సెమిస్టర్ మధ్యలో మొదలుపెట్టి సముద్ర జీవుల దాకా

విదేశంలో చదువుకుంటూ స్కూబా డైవింగ్ నేర్చుకోదలచినవారు ముందుగా సెమిస్టర్ క్యాలెండరును ఎదురుగా పెట్టుకుని లెక్క వేసుకోవాలి. పాడీ, ఎస్ఎస్ఐ వంటి శిక్షణ సంస్థలు ‘ఓపెన్ వాటర్’ అని పిలిచే తొలి కోర్సులో మూడు అంచెలు ఉంటాయి: పాఠాలు, ఈత కొలనులో అభ్యాసం, ఆ తరువాత సముద్రంలోనో సరస్సులోనో చేసే డైవ్‌లు. ఈ మూడింటినీ ఒకేచోట పూర్తి చేయాలన్న నియమం లేదు. పాఠాలను ఆన్‌లైన్‌లో చదువుకుని, కొలను అభ్యాసాన్ని విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలోనే ముగించి, అంతవరకు పూర్తయిందని అక్కడి శిక్షకుడు రాసిచ్చే రిఫరల్ పత్రంతో సెలవుల్లో వెచ్చని సముద్రమున్న చోటికి వెళ్లి చివరి డైవ్‌లు చేయవచ్చు. చలి దేశాల్లో చదివేవారికి ఇదే అనువైన పద్ధతి. విశ్వవిద్యాలయంలో డైవింగ్ క్లబ్ ఉందేమో కూడా విచారించాలి. బ్రిటన్‌లో 1953లో ఏర్పడిన బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్‌కు పలు విశ్వవిద్యాలయాల్లో శాఖలున్నాయి. క్లబ్‌లో పరికరాలు అద్దెకు దొరకడమే కాక, డైవింగ్‌లో అన్నిటికన్నా అవసరమైన తోడు, అంటే ‘బడ్డీ’, దొరుకుతాడు.

ఈతలో ప్రావీణ్యం ఉండాలేమోనని చాలామంది జంకుతారు. పాడీ కోర్సులో అడిగేది సమయ పరిమితి లేకుండా 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు నీటిపై తేలి ఉండడం, అంతే. ఆరోగ్య ప్రశ్నావళిని మాత్రం తేలికగా తీసుకోకూడదు. ఆస్తమా, గుండె జబ్బు, చెవికి జరిగిన శస్త్రచికిత్స వంటివి ఉంటే దాచకుండా రాసి వైద్యుని అనుమతి తీసుకోవాలి. జలుబు చేసిన రోజున, కోర్సుకు డబ్బు కట్టేశామన్న తొందరలో, జలుబు మాత్ర వేసుకుని దిగడం మంచిది కాదు. నీటి అడుగున ఉండగా మాత్ర ప్రభావం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు చెవుల్లో, సైనస్‌లలో గాలి చిక్కుకుపోతుంది. విద్యార్థి ఆరోగ్య బీమా డైవింగ్ ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చూసుకుని, వర్తించకపోతే వేరే బీమా తీసుకోవాలి. డైవింగ్ ప్రమాదానికి గురైనవారికి ఒత్తిడి చాంబరులో (గాలి ఒత్తిడి పెంచిన గదిలో) చేసే చికిత్స ఖర్చుతో కూడుకున్నది.

నీటి అడుగున పాటించవలసిన నియమాలన్నీ ఒత్తిడి నుంచే పుడతాయి. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కనుక, ఉపరితలంపై ఉన్న గాలి పరిమాణం 10 మీటర్ల వద్ద సగానికి కుంచించుకుపోతుంది. అంటే తొలి పది మీటర్లలోనే చెవులపై మార్పు ఎక్కువ. దిగుతున్నప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులను సరిచేసుకోవాలి. నొప్పి మొదలయ్యాక కాక, ప్రతి మీటరుకూ ముందుగానే చేయాలి. సర్దుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి తప్ప బలంగా ఊదకూడదు. పైకి వచ్చేటప్పుడు ఇదే సూత్రం తలకిందులవుతుంది. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ద్వారా పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ వ్యాకోచిస్తుంది కాబట్టి ఊపిరి బిగబట్టినవారి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఎట్టి పరిస్థితిలోనూ శ్వాస ఆపకూడదన్నది మొదటి నియమం.

లోతులో శరీరంలో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడానికి వీలుగా నిదానంగా పైకి రావాలి, 5 మీటర్ల వద్ద 3 నిమిషాలు ఆగాలి. విద్యార్థులు చిక్కుకునేది సాధారణంగా తిరుగు టికెట్ దగ్గరే. ఆదివారం మధ్యాహ్నం డైవ్ చేసి, సోమవారం పొద్దున క్లాసు ఉందని ఆ రాత్రే విమానం ఎక్కకూడదు; ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గి, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, వరుసగా పలు డైవ్‌లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలన్నది సాధారణంగా పాటించే సూచన. ఎత్తైన కొండదారిలో బస్సు ప్రయాణానికీ ఈ జాగ్రత్త అవసరమే. అందుచేత సెలవు చివరి రోజును నేలమీద గడిపేలా టికెట్ కొనాలి.

ఇక అసలు నైపుణ్యం తేలుడు అదుపు. నీటిలో మునిగిపోకుండా, పైకి తేలిపోకుండా ఒకే లోతులో నిలిచి ఉండడం వస్తే తప్ప సముద్ర జీవులను చూడడం రాదని నా అభిప్రాయం. ఊపిరి పీల్చగానే శరీరం లేవదు. ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా మెల్లగా లేస్తుంది. కొత్తవారు ఆ ఆలస్యాన్ని గమనించక, ఇంకా లేవలేదని, తేలుడును సవరించుకోవడానికి వేసుకునే జాకెట్‌లోకి గాలి నింపి, ఒక్కసారిగా పైకి పోయి, కంగారుగా గాలి వదిలి, మళ్లీ అడుగుకు జారి ఇసుక రేపుతారు. జాకెట్ బటన్‌ను వదిలేసి, రెండు మూడు నిదానమైన శ్వాసలు తీసుకుని, శరీరం ఎటు కదులుతోందో చూశాకే సవరించుకోవాలి. మునగడానికి ఒంటికి కట్టుకునే సీసపు బరువులు కొలనులో సరిపోయినా సముద్రంలో సరిపోవు. ఉప్పునీరు మనిషిని ఎక్కువగా తేలుస్తుంది. మందమైన వెట్‌సూట్ (చలి నుంచి కాపాడే డైవింగ్ దుస్తు) వేసుకుంటే ఇంకా ఎక్కువ. రిఫరల్‌పై వెళ్లినవారు అక్కడ బరువు పరీక్ష తప్పనిసరిగా మళ్లీ చేయించుకోవాలి.

పగడపు దిబ్బ వద్ద తిరిగేవారికన్నా ఆగేవారికే జీవులు ఎక్కువ కనిపిస్తాయి. పెద్ద చేపలు వచ్చి కదలకుండా నిలబడగా, చిన్న క్లీనర్ రాస్ చేపలు వాటి మొప్పల్లోకి, నోటిలోకి దూరి పరాన్నజీవులను ఏరుకుతినే చోట్లు ఉంటాయి; అక్కడికి రెండు మూడు మీటర్ల దూరంలో మోకాళ్లు ఇసుకకు ఆనకుండా తేలుతూ ఉంటే అవి తమ పని ఆపవు. తాబేలు కనిపిస్తే పక్కగా ఉండాలి, పైనుంచి అడ్డుపడకూడదు, ఎందుకంటే అది గాలి కోసం పైకి వెళ్లవలసిన జీవి. పగడాన్ని ముట్టుకోకూడదు. అది రాయిలా కనిపించినా పైపొర సజీవం. రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ ముళ్లలో తీవ్రమైన విషం ఉంటుంది. అది గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచుతూ వెంటనే వైద్యుని వద్దకు చేరాలి. విషంతో కుట్టే సముద్రపు నత్త కోన్ స్నెయిల్ గవ్వ ఎంత అందంగా ఉన్నా చేతిలోకి తీసుకోకూడదు. సొరచేప గురించి భయపడేవారు నిజానికి జాగ్రత్త పడవలసింది టైటన్ ట్రిగ్గర్ ఫిష్ గురించి. గుడ్లను కాపాడుకునే కాలంలో అది మీదికి వచ్చి కరుస్తుంది. దాని హద్దు గూటి నుంచి పైకి గరాటులా విస్తరిస్తుంది కనుక పైకి కాక, అడ్డంగా దూరమవ్వాలి.

కెమెరా తొలి డైవ్‌లలో వద్దు. ఒక చేయి, సగం ధ్యాస దానికే పోతాయి. ప్రతి డైవ్ తరువాత లోతు, సమయం, వాడిన బరువులు, చూసిన జీవులు లాగ్ పుస్తకంలో రాసి శిక్షకుని సంతకం తీసుకుంటే తరువాతి డైవ్ సెంటర్‌లో అడిగినప్పుడు చూపవచ్చు. పరీక్షల వల్ల నెలల తరబడి నీటికి దూరమైనవారు, సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, కొలనులో ఒక రిఫ్రెషర్ (నేర్చుకున్నది గుర్తుచేసుకునే అభ్యాసం) చేశాకే మళ్లీ సముద్రంలోకి దిగాలి.