రిథమ్ గేమ్ కొత్తగా మొదలుపెట్టారా? పాట కంటే ముందు సెట్టింగ్స్ తెరవండి

రిథమ్ గేమ్ (పాట లయకి తగ్గట్టు స్క్రీన్ మీద వచ్చే గుర్తుల్ని, అంటే నోట్స్‌ని, సరిగ్గా సమయానికి నొక్కే ఆట) వేసుకుని, నాలుగు పాటలు ఆడి, "నాకు లయజ్ఞానం లేదు, ఇది మన వల్ల కాదు" అని తీసేసేవాళ్లు చాలామందే ఉంటారు. నన్నడిగితే వాళ్లలో ఎక్కువమందికి లోపం చేతుల్లో ఉండదు, ఫోన్‌లో ఉంటుంది.

ముందు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవిదాకా వచ్చేసరికి 100 మిల్లీసెకన్లు దాటిపోవడం సర్వసాధారణం, 200 అయినా ఆశ్చర్యం లేదు. వీడియో చూసేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే ప్లేయర్ బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. గేమ్‌కి ఆ వీలు లేదు, మీరెప్పుడు నొక్కుతారో దానికి ముందే ఎలా తెలుస్తుంది? 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాట తీసుకోండి, ఒక్కో బీట్ 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125. అంటే ఇయర్‌ఫోన్స్ చేసే ఆలస్యం, వేగంగా వచ్చే రెండు నోట్స్ మధ్య ఉండే సమయమంత! మీరు పాటతో సరిగ్గా కలిపి నొక్కుతున్నా గేమ్ మాత్రం మిస్ అంటుంది. వైర్ ఉన్నవి వాడండి, లేదంటే ఫోన్ స్పీకర్ చాలు.

ఆ తర్వాత ఆఫ్‌సెట్, అంటే శబ్దానికీ మీరు నొక్కేదానికీ మధ్య వచ్చే తేడాని సరిచేసే అంకె. సెట్టింగ్స్‌లో కొన్ని గేమ్‌లు దీన్నే క్యాలిబ్రేషన్ అంటాయి. టిక్ టిక్‌మని వినిపిస్తుంటే దాంతోపాటు నొక్కమంటుంది, అప్పుడు స్క్రీన్ చూడకుండా చెవితోనే నొక్కండి. వచ్చిన అంకెని అప్పుడే నమ్మేయకండి. బాగా తెలిసిన తేలికపాటి పాట ఒకటి పెట్టి, ఎర్లీ, లేట్ చూపించే ఆప్షన్ ఆన్ చేసి ఆడండి. దాదాపు అన్నీ లేట్ అనే వస్తుంటే ఆఫ్‌సెట్ కొంచెం కొంచెంగా మార్చండి, ప్లస్‌కి వెళ్లాలా మైనస్‌కి వెళ్లాలా అన్నది గేమ్‌ని బట్టి ఉంటుంది కాబట్టి ఒకవైపు జరిపి చూసి, ఇంకా పాడైతే రెండోవైపు జరపండి. కొన్ని ఎర్లీ కొన్ని లేట్ వస్తుంటే మాత్రం అది మీ చేతి సంగతి, ఆఫ్‌సెట్ జోలికి పోకండి.

ఇప్పుడు కొత్తవాళ్లకి అస్సలు నమ్మబుద్ధి కాని మాట: నోట్ స్పీడ్ పెంచండి. తక్కువ స్పీడ్ అయితే తేలిక అనుకుంటాం, కానీ నోట్స్ మెల్లగా దిగుతుంటే ఒకేసారి స్క్రీన్ మీద ఎక్కువ పేరుకుంటాయి, ఏది ముందో ఏది వెనకో తెలీక కళ్లు గందరగోళపడతాయి. స్పీడ్ పెంచితే పాట వేగం మారదు, నోట్స్ లెక్కా మారదు, వాటి మధ్య ఖాళీ పెరుగుతుంది, అంతే. కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లి, ఇక కంటికి అందడం లేదు అనిపించిన చోట ఒక మెట్టు దిగండి.

ఏ గేమ్‌తో మొదలుపెట్టాలి అంటే, ఎప్పుడు నొక్కాలో చూపే గీత కదలకుండా ఉండి, దాని మీదకి నోట్స్ దిగివచ్చే రకం మంచిది, ప్రాజెక్ట్ సెకాయ్, బ్యాంగ్ డ్రీమ్ లాంటివి. సైటస్‌లో నోట్స్ ఉన్నచోటే ఉంటాయి, గీతే పైకీ కిందకీ తిరుగుతుంది. ఫిగ్రోస్‌లో అయితే ఆ గీత పక్కకి ఒరుగుతుంది, తిరుగుతుంది, కొన్నిసార్లు మాయమవుతుంది కూడా. ఆర్కేయాలో నేల మీద నోట్స్ చాలవన్నట్టు గాల్లో తీగల్లాంటివి వస్తాయి, నీలం ఎడమ చేతికి, ఎరుపు కుడి చేతికి. అవన్నీ అద్భుతంగా ఉంటాయి, కానీ మొదటి నెలలో వద్దు.

ఫోన్ చేతిలో పట్టుకుని రెండు బొటనవేళ్లతో ఆడినా పర్లేదు, బల్ల మీద పెట్టి చూపుడువేళ్లతో ఆడినా పర్లేదు. బల్ల అయితే ఫోన్ జారకుండా కింద గుడ్డ వేసుకోండి. చూపు మాత్రం నొక్కే గీత మీద కాదు, దానికి కాస్త పైన ఉండాలి. గీత దాకా వచ్చేసిన నోట్‌ని చూసి చేసేదేమీ లేదు, అప్పటికి చెయ్యి కదిలి ఉండాలి.

ఒకే చోట నోట్స్ వరసగా వస్తే ఒక్క వేలితో టకటకా కొట్టకండి, కుడి ఎడమ మార్చి మార్చి కొట్టండి. 180 బీపీఎంలో బీట్‌లో నాలుగో వంతు అంటే 83 మిల్లీసెకన్లే, ఒంటి వేలు కాసేపటికే చేతులెత్తేస్తుంది. ఫ్లిక్ నోట్‌కి (నొక్కి వేలు విదిలించాల్సిన నోట్) పొడుగ్గా గీయాల్సిన పనిలేదు, వేలు కొంచెం జరిపితే చాలు, దూరం పోతే తర్వాతి నోట్‌కి తిరిగి రావడం కష్టం.

అందరూ ఇరుక్కునే చోటు ఇంకొకటి. ఎడమచేత్తో పొడుగు నోట్ పట్టుకుని ఉండాలి, ఈలోపు కుడిచేత్తో మూడు ట్యాప్‌లు. మొదటి రెండూ బాగానే పడతాయి, మూడోదానికి కుడి వేలు లేచేటప్పుడు ఎడమ వేలు కూడా దాంతోపాటే లేస్తుంది, కాంబో (మిస్ లేకుండా వరసగా కొట్టిన నోట్స్ లెక్క) గోవిందా. చాలా గేమ్‌లలో పొడుగు నోట్‌ని కాస్త ఆలస్యంగా వదిలితే ఊరుకుంటాయి, ముందే వదిలితే ఊరుకోవు, కాబట్టి ఎడమ వేలిని నొక్కి ఉంచడం గురించే ఆలోచించండి, కుడిచేతిని పాటకి వదిలేయండి. గేమ్ లేకుండా బల్ల మీద కూడా ఇది సాధన చేయొచ్చు, పక్కవాళ్లకి చిరాకు వస్తే నాకు సంబంధం లేదు.

బ్యాటరీ సేవర్ ఆపేయండి, ఫ్రేమ్స్ (స్క్రీన్ సెకనుకి చూపించే బొమ్మలు) తగ్గిపోతే నోట్స్ ఎగిరెగిరి పడతాయి. నోటిఫికేషన్లు కూడా ఆపండి. వేళ్లు చెమటపడితే తుడుచుకోండి, మణికట్టు లాగుతుంటే ఆ రోజుకి ఆపేయండి.

ఫుల్ కాంబో (ఒక్క మిస్ కూడా లేకుండా పాట పూర్తి చేయడం) కోసం ఒకే పాట పట్టుకుని గంటలు గంటలు వేలాడొద్దు. మీరు ఆడుతున్న లెవెల్లో కొత్త పాట ఏది పెట్టినా మొదటిసారే గట్టెక్కుతున్నారంటే, పాత పాటల్లో రెండు మూడు మిస్‌లు మిగిలి ఉన్నా సరే, పై లెవెల్‌కి వెళ్లిపోండి.